మోటారు పుస్తకంలో దొరికిన గూళ్ల లెక్క: కొల్లేరు అంచు చేపల చెరువుల్లో రెండు వానాకాలాల సర్వే

కొల్లేరు పక్షుల గురించి మాట్లాడితే ముందు జనవరి లెక్కలే వస్తాయి. మన దేశంలో 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. వలస బాతులు, ఉల్లంకులు ఉండేది అప్పుడే కాబట్టి ఆ గణన కావాల్సిందే. అయితే ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగే బుడబుంగ, జంబుకోడి, జకానా లాంటి నీటిపక్షులు ఎక్కువగా గూడు పెట్టేది వానాకాలంలో. అప్పుడు గట్టు మీద బురద, పైన జల్లు, చేతిలో బైనాక్యులర్‌కి ఆవిరి. ఆ నెలల్లో చెరువుల చుట్టూ తిరిగేవాళ్లు తక్కువ. ఈ చెరువుల్లో ఎన్ని గూళ్లు పడుతున్నాయి, ఎన్నింట్లోంచి పిల్లలు బతికి బయటపడుతున్నాయి అని తెలుసుకోవాలనుకున్నాను. వరుసగా రెండు వానాకాలాలు 11 చెరువులు చూశాను. మొదటి ఏడాది నా లెక్కలో పెద్ద తప్పు దొర్లింది. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో వివరంగా రాస్తున్నాను, ఈ పనికి దిగే మరొకరికి ఒక సీజన్ మిగులుతుందని.

చోటు గురించి కొంచెం చెప్పాలి. కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తును సూచించే గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్సర్ జాబితాలో చేరింది. 2005, 2006ల్లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు పగలగొట్టారు. హద్దు బయట మాత్రం చెరువులు ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. కైకలూరు, ఆకివీడు మధ్య రోడ్డు మీద వెళ్తే రెండు పక్కలా నీళ్లే కనబడతాయి. నా 11 చెరువులూ ఆ వైపువే, అన్నీ హద్దు బయటివే, ప్రైవేటువి. చిన్నది నాలుగు ఎకరాలు, పెద్దది ముప్ఫై దాటుతుంది. అన్నింట్లో శీలావతి, బొచ్చె. రెండింట్లో రూప్‌చంద్ కూడా వేశారు.

పెలికాన్ల (గూడబాతుల) సంగతి ముందే తేల్చేస్తాను. ఈ చెరువుల మీద గూడబాతులు రోజూ కనబడతాయి. కానీ అవి గూళ్లు పెట్టేది కైకలూరు దగ్గరి ఆటపాకలో, అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీదా చుట్టుపక్కల చెట్ల మీదా. మన చెరువులోకి మేతకు వచ్చిన పక్షి మన చెరువులో సంతానం పెంచే పక్షి కాదు. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతంలోని ఆరేడు అనే ఊళ్లో పెలికాన్ల గూళ్ల కాలనీని గుర్తించారు, తర్వాతి దశాబ్దాల్లో అది లేకుండా పోయింది. అలాంటి చరిత్ర ఉన్న నేల కాబట్టి ఎక్కడ పెలికాన్ కనబడినా ‘ఇక్కడ పిల్లలు పెడుతోంది’ అని రాసేయాలనిపిస్తుంది. అందుకే మా ఫారంలో ‘మేతకు వచ్చినవి’, ‘గూడు ఉన్నవి’ అని రెండు వేర్వేరు గడులు పెట్టాం. తెల్ల కొంగలు, గుడ్డి కొంగలు, నీటి కాకులు కూడా ఎక్కువగా మొదటి గడిలోకే వెళ్లాయి. వాటి గూళ్లు ఊళ్లో నల్లతుమ్మల మీద ఉన్నాయి. ఆ చెట్లను దూరం నుంచి ఒకసారి లెక్కపెట్టి వదిలేశాం. కిందికి వెళ్తే పిల్లలు భయపడి కొమ్మల మీంచి పడిపోతాయి.

అలా మిగిలినవి, అసలు చెరువులోనే గూడు పెట్టేవి, ఇవి: నీటి మీద తేలే గూడు కట్టే బుడబుంగ, జమ్ములో ఊదారంగు జంబుకోడి, గుర్రపుడెక్క మీదా తామరాకుల మీదా జకానాలు, గట్టు మీద తీతువు, ఎండిన చెరువు అడుగున పొడుగుకాళ్ల ఉల్లంకి, గట్టు గడ్డిలో అక్కడక్కడ ఎర్ర చిలువ అనే బాతు.

పేర్ల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మా చెరువుల మీద జంబుకోడి అంటే ఊదారంగు పెద్దదీ అదే, నుదుటి మీద ఎర్రటి పట్టీ ఉండే నల్లటి చిన్నదీ అదే. కాపలావాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే రెండు జాతులు కలిసిపోతాయి. రెండో వారం నుంచి ఫోన్లో ఫొటోలు చూపించి అడగడం మొదలుపెట్టాను. ‘ఇదా, అదా’ అంటే వెంటనే వేలు పెట్టి చూపించేవాళ్లు. వాళ్లకు పక్షి తెలుసు, పేరు ఒక్కటే ఉమ్మడి.

చెరువు ఏడాది

చెరువులో నీళ్లు వానతో రావు, రైతు పెడితే వస్తాయి. పక్షికి ఇదే అసలు విషయం. వేసవిలో గోదావరి కాలువలు కట్టేస్తారు. పట్టుబడి (చేపలు పట్టడం) అయిన చెరువును మే నెలలో ఎండగట్టి, అడుగు పగుళ్లిచ్చాక సున్నం చల్లుతారు. సాధారణంగా జూన్‌లో కాలువలు వదిలాక తూము తీసి, చాలకపోతే ఇంజను పెట్టి నింపుతారు. నిండాక, ఏడాది వయసున్న చేపపిల్లను వేస్తారు. వెదురు కర్రలకు మేత సంచులు కడతారు. సంచికి అడుగున చిల్లులు ఉంటాయి, తవుడూ చెక్కా కలిపి నింపుతారు, చేపలు వచ్చి కింద నుంచి పొడుచుకు తింటాయి. జమ్ము, గుర్రపుడెక్క పెరిగితే కూలీలను పెట్టి తీయిస్తారు. నీళ్లు పాడైతే కొంత వదిలేసి కొత్తవి పెడతారు. అన్ని చెరువుల్లో ఇది ఒకే వారం జరగదు. ఒకటి ఎండుతుంటే పక్కది నిండుతుంటుంది.

ఈ పనుల్లో ప్రతిదీ ఏదో ఒక పక్షికి మేలు, ఇంకో పక్షికి కీడు. అడుగు ఎండితే ఉల్లంకికి గూడు పెట్టుకునే చోటు దొరుకుతుంది. మళ్లీ నీళ్లు పెడితే అదే గూడు మునుగుతుంది. జమ్ము పెరగనిస్తే జంబుకోడి వస్తుంది. తీయిస్తే గూడుతో సహా గట్టు మీదికి వచ్చి పడుతుంది.

గట్టు మీద నడక

చూసే పద్ధతి మామూలుదే. పొద్దున ఆరింటికి తూర్పు గట్టు మీద మొదలుపెట్టేవాళ్లం. సూర్యుడు వీపు వైపు ఉంటాడు కాబట్టి నీటి మెరుపు కంట్లో పడదు. ప్రతి మూలా పది నిమిషాలు నిలబడి, తర్వాత మెల్లగా తర్వాతి మూలకు నడవడం. నడుస్తూ లెక్కపెడితే పక్షి ముందుకు జరుగుతూ పోతుంది, అదే పక్షి రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. నిలబడితే జమ్ములోంచి దానంతటదే బయటికొస్తుంది. అందుకే నిలబడే సమయం ఎక్కువ పెట్టుకున్నాం.

ఇద్దరం వెళ్లిన రోజుల్లో ఒకరి పుస్తకం ఒకరు చూడకుండా గూళ్లు రాసుకునేవాళ్లం. ఒక చెరువులో నాకు 14 కనబడ్డాయి, నాతో వచ్చిన అబ్బాయికి 12. ఇద్దరి స్కెచ్‌లలోనూ ఉన్నవి 10. 14ని 12తో గుణించి 10తో భాగిస్తే దాదాపు 17. అంటే నేను చూసినదాని కంటే ఇంకో మూడు అక్కడ ఉండి ఉంటాయి. లెక్క చిన్నదే, కానీ ఒంటరిగా వెళ్లిన రోజు రాసుకున్న అంకె మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో చెబుతుంది. మరీ దట్టంగా దాక్కున్న గూడు ఇద్దరికీ కనబడదు కాబట్టి అసలు సంఖ్య 17 కంటే ఎక్కువే అయ్యుండాలి.

మూడో వారంలో ఒక పెద్ద చెరువులో నేను ‘నాచు ముద్ద’ అని రాసుకున్నదాన్ని చూపించి అక్కడి కాపలాదారు, ‘అందులో గుడ్లున్నాయమ్మా’ అన్నారు. ఆయనను నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నేను నమ్మలేదు. ‘కాసేపు కూర్చోండి, చూపిస్తాను’ అన్నారు. ఇద్దరం మేత సంచుల షెడ్డు నీడలో కూర్చున్నాం. మేత కర్రకు ఆనుకుని తేలుతున్న ఆ ముద్ద మా గట్టుకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇరవై నిమిషాలకు బుడబుంగ నీళ్లలోంచి పైకి తేలింది, అటూ ఇటూ చూసి ముద్ద మీదికి ఎక్కింది. ముక్కుతో తడి నాచు పోగుల్ని ఒక్కొక్కటే పక్కకు లాగింది. లోపల నాలుగు గుడ్లు. తెల్లగా ఉండాల్సినవి నాచు రసానికి గోధుమరంగుకు తిరిగాయి. అవతలి గట్టు మీద మోటార్ సైకిల్ చప్పుడు వినబడగానే నాలుగైదు సార్లు గబగబా నాచు లాగి గుడ్ల మీద కప్పి, నీటి మీద అల కూడా లేవకుండా మునిగిపోయింది. మళ్లీ మామూలు నాచు ముద్దే.

అంతకు ముందు రెండు వారాల్లో ‘నాచు ముద్ద’ అని రాసుకున్నవన్నీ మళ్లీ వెళ్లి చూశాను. మూడింట్లో గుడ్లున్నాయి.

జకానాల దగ్గర చిక్కు వేరు. నెమలిలా పొడుగు తోక ఉన్న ఈ పక్షిలో గుడ్లు పొదిగేదీ, పిల్లల్ని పెంచేదీ మగది. ఆడది ఒక మగదానికి నాలుగు గుడ్లు పెట్టిచ్చి, ఇంకో మగదాని దగ్గరికి పోతుంది. నీళ్లు పెరిగినా, అలజడి అయినా మగది గుడ్లను వేరే చోటికి జరుపుకోగలదు. కాబట్టి ‘ఎన్ని జంటలు’ అనే గడి దీనికి పనికిరాదు. మేం ‘గుడ్ల మీద కూర్చున్న మగవి’, ‘పిల్లలతో ఉన్న మగవి’ అని మాత్రమే రాశాం. పోయిన వారం ఉన్న ఆకు మీద ఈ వారం గుడ్లు లేకపోతే వెంటనే ‘పోయాయి’ అని రాయకుండా చుట్టుపక్కల పదిహేను మీటర్లు వెతికేవాళ్లం. రెండుసార్లు అలా జరిపిన గుడ్లు దొరికాయి.

తప్పు ఎక్కడ జరిగింది

మొదటి ఏడాది ఒక్కో చెరువుకు పదిహేను రోజులకోసారి వెళ్లాను. ఏడో నంబరు చెరువు పడమటి మూల జమ్ములో జంబుకోడి గూళ్లు ఆరు ఉన్నాయి, అన్నింట్లోనూ గుడ్లు. ఆగస్టు మొదటి వారంలో వాటిని చూసి చాలా సంతోషంగా ఇంటికొచ్చాను. రెండు వారాల తర్వాత వెళ్తే ఒక్కటీ లేదు. జమ్ము ఉంది, గూళ్లు లేవు. ఒక పెంకు ముక్క దొరికింది. గట్టు మీద ముంగిస అడుగులు ఉన్నాయి. కారణం గడిలో ‘ముంగిస’ అని రాశాను. మిగతా చెరువుల్లో పోయిన గూళ్లకు కూడా ముంగిస, కాకి, కుక్క అనే రాస్తూ పోయాను. సీజన్ చివర చూస్తే పోయిన గూళ్లలో సగానికి పైగా జంతువుల ఖాతాలోనే ఉన్నాయి. ఆ టేబుల్ ఒక మీటింగ్‌లో చూపించాను కూడా.

సంక్రాంతి ముందు ఏడో నంబరు చెరువు కాపలాదారు బాబాయ్ దగ్గరికి ఊరికే వెళ్లాను. షెడ్డులో గోడకు వేలాడుతున్న పుస్తకం కనబడింది. రోజూ ఎన్ని గంటలు మోటారు ఆడింది, ఎన్ని సంచుల మేత కట్టారు, కూలీలు ఎందరొచ్చారు, ఏ మందు చల్లారు, అన్నీ అందులో రాస్తారు. చెరువు లీజుదారు నెలకోసారి చూసి లెక్క కడతారు. నేను ఊరికే తిప్పుతూ ఆగస్టు పేజీకి వచ్చాను. వరుసగా మూడు రోజులు మోటారు పగలూ రాత్రీ ఆడింది. ‘ఇదేంటి బాబాయ్?’ అన్నాను. ‘నీళ్లు పచ్చగా తిరిగాయమ్మా, చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. కొత్త నీళ్లు పెట్టాం. అడుగున్నర లేచింది’ అన్నారు.

జంబుకోడి గూడు నీటి మట్టానికి జానెడు పైన ఉంటుంది. అడుగున్నర లేస్తే ఆరూ మునిగిపోయి ఉంటాయి. ముంగిస వచ్చింది నిజమే, అయితే అప్పటికే తేలిపోయిన గుడ్ల కోసం వచ్చి ఉంటుంది.

మిగిలిన చెరువుల పుస్తకాలు కూడా అడిగాను. ఎనిమిది చోట్ల ఇచ్చారు. గూళ్లు పోయిన తేదీల్ని ఆ పేజీలతో సరిచూస్తే నా టేబుల్ తిరగబడింది. ‘ముంగిస’ అని రాసినవాటిలో చాలా వాటికి ముందు మూడు నాలుగు రోజుల్లో నీళ్లు పెట్టడమో, జమ్ము కోయించడమో ఉంది. మీటింగ్‌లో ఎవరికైతే ఆ టేబుల్ చూపించానో వాళ్లందరికీ తప్పు ఎక్కడ జరిగిందో రాసి పంపాను. అది రాస్తున్నప్పుడు చాలా బాధపడ్డాను. ఆ టేబుల్ చూసి ముంగిసలకు బోనులు పెట్టించాలని ఒకాయన అప్పటికే మాట్లాడుతున్నారు.

రెండో ఏడాది మార్చినవి

జూన్‌లో తూము తీయకముందే ప్రతి చెరువులో ఒక కొలత కర్ర పాతాం. వెదురు కర్రకు పెయింటుతో అంగుళాల గీతలు, అంతే. బాబాయ్ వాళ్లు రోజూ పొద్దున ఆ గీత చూసి మోటారు పుస్తకంలోనే చివరి గడిలో రాశారు. మేం వెళ్లినప్పుడు పేజీల ఫొటో తీసుకున్నాం. వాళ్లకు కొత్త ఫారం ఇవ్వలేదు. ఇస్తే రెండు వారాలు రాసి మానేస్తారు. ఉన్న పుస్తకంలో ఒక అంకె అదనంగా రాయడం కష్టం కాదు.

వెళ్లే వ్యవధి కూడా మార్చాం. బుడబుంగ గుడ్లు పొదగడానికి మూడు వారాలు పడుతుంది. పదిహేను రోజులకోసారి వెళ్తే ఒక్కో గూడును ఒకటి రెండుసార్లే చూస్తాం. గూళ్లున్న చెరువులకు ఐదారు రోజులకోసారి, లేనివాటికి పదిహేను రోజులకోసారి వెళ్లాం. లేని చెరువుకు వెళ్లడం మానకూడదు. సున్నా కూడా లెక్కే, ఆ రోజు చెరువు నిండుగా ఉందా, ఎండి ఉందా అనేది పక్కన రాయాలి.

గూడు దగ్గరికి ఎంతవరకు వెళ్లాలన్న విషయంలో కఠినంగా ఉన్నాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ నిర్వచనంలోకి అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా వస్తాయి. ప్రైవేటు చెరువైనా అంతే. పని మొదలుపెట్టే ముందే అటవీశాఖకు రాసి తెలియజేశాం. గుడ్డు వయసు తెలుసుకోవడానికి నీళ్లలో వేసి చూసే పద్ధతి ఉంది, మేం అది చేయలేదు, గుడ్డు ముట్టుకోలేదు. గట్టు నుంచి కనబడని గూళ్లను మాత్రమే మేత వేసే పడవలో వెళ్లి, ఒక్కోదాని దగ్గర నిమిషంలోపు చూసి వచ్చేవాళ్లం. తొమ్మిది దాటితే వెళ్లం. ఎండలో తల్లి లేచిపోతే గుడ్లు ఉడికిపోతాయి. జమ్ములో దారి పడేలా నడవం, గుర్తుకు గుడ్డ పీలికలు కట్టం. కాకి మనల్ని చూస్తూనే ఉంటుంది. గుర్తంతా ఫోన్ జీపీఎస్‌లోనే.

ఫలితం లెక్కగట్టే తీరు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. దొరికిన గూళ్లలో ఎన్నింట్లో పిల్లలు వచ్చాయో చూసి శాతం చెప్పేయడం తేలిక. కానీ గుడ్లు పెట్టిన రెండో రోజే పోయిన గూడు మన కంటపడదు, చివరి దాకా నిలిచిన గూడే ఎక్కువగా దొరుకుతుంది. అందుకే శాతం ఉన్నదానికంటే మంచిగా కనబడుతుంది. 1961లో అమెరికా పక్షి పరిశోధకుడు హెరాల్డ్ మేఫీల్డ్ దీనికి ఒక సులువైన దారి చూపించాడు: గూళ్లను కాకుండా గూడు-రోజులను లెక్కపెట్టాలి. ఉదాహరణకు 12 గూళ్లు దొరికాయనుకుందాం. అన్నీ కలిపి 150 రోజులు మన కంటి కింద ఉన్నాయి, 5 పోయాయి. మామూలు శాతం 7/12, అంటే 58. మేఫీల్డ్ ప్రకారం రోజుకు పోయే అవకాశం 5/150, నిలిచే అవకాశం 0.967. పొదిగే 22 రోజులకూ దాన్ని దానితోనే హెచ్చిస్తూ పోతే దాదాపు 47 శాతం. 58కీ 47కీ ఉన్న తేడా చిన్నది కాదు. ఎక్సెల్‌లో ఒక్క వరుస పని.

పిల్లలు బయటికొచ్చాక కూడా పని అయిపోదు. బుడబుంగ పిల్లలు మొదటి రోజుల్లో తల్లి వీపు మీద రెక్కల్లో ఉంటాయి. తల మీద చారలు, ఎర్రటి ముక్కు మాత్రం బయటికి కనబడతాయి. వాటిని లెక్కపెట్టాలంటే తల్లి మునిగే దాకా ఆగాలి. అది మునగగానే పిల్లలు నీటి మీద చెదురుతాయి, ఆ ఐదారు సెకన్లలో లెక్క పూర్తికావాలి. నాకు ఈ ఉద్యోగంలో ఇంతకంటే ఇష్టమైన క్షణాలు లేవు.

రైతులతో మాట

రెండో ఏడాది ఆగస్టులో ఏడో నంబరు చెరువు లీజుదారును కలిసి పోయిన ఏటి పేజీ చూపించాను. ఆయన నిజాయితీగా చెప్పారు: ‘చేప తేలుతుంటే రాత్రికి రాత్రి నీళ్లు పెట్టాలండి. పిట్ట కోసం ఆగితే నేను మునిగిపోతాను.’ ఆయన మాట సరైనదే. ఆ రోజు చెరువులో ఉన్నది ఆయన ఏడాది పెట్టుబడి. నేను అడిగింది వేరు. నీళ్లు పెట్టే రోజు మార్చమని కాదు, జూన్ నెలాఖరుకే మట్టాన్ని కొంచెం పైన ఉంచమని. గూడు కట్టకముందే మట్టం పైన ఉంటే పక్షి దానికి పైనే కట్టుకుంటుంది, తర్వాత లేచేది తక్కువ ఉంటుంది. గట్టు తట్టుకున్నంత మేర ఆయన ఆరు అంగుళాలు పెంచారు.

జమ్ము విషయంలో మాట కుదరడానికి ఎక్కువ రోజులు పట్టింది. జమ్ము ఉంటే వల లాగడం కష్టం, కొరమీను చేరి చేపపిల్లను తింటుంది, పాములు ఉంటాయి. ఇవన్నీ నిజాలే. చివరికి వల లాగని మూల ఏదో అడిగాను. ప్రతి చెరువుకూ అలాంటి మూల ఒకటి ఉంటుంది, సాధారణంగా తూము పక్కన. ఆ మూలలో జమ్మును అక్టోబరు దాకా ఉంచడానికి నలుగురు ఒప్పుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్లవి చేపపిల్ల పెంచే చెరువులు. నీటి కాకి బాధ వాళ్లకే ఎక్కువ. పైన నైలాన్ తీగలు కడతారు, టపాసులు కాలుస్తారు. జంబుకోడి చేపను నమ్ముకుని బతికే పక్షి కాదని చెప్పినా, గుంపుగా పక్షులు చేరడమే వాళ్లకు టెన్షన్. వాళ్లను ఇంకేమీ అడగలేదు. నల్ల నైలాన్ తీగలు పక్షులకు కనబడేలా వాటికి ఎర్ర రిబ్బన్ ముక్కలు మాత్రం కట్టమన్నాను, ఒకరు కట్టారు.

ఏడో నంబరు పడమటి మూలలో ఆ ఏడాది జంబుకోడి గూళ్లు నాలుగు పడ్డాయి. ఆగస్టులో మళ్లీ నీళ్లు పెట్టారు. కొలత కర్ర మీద ఎనిమిది అంగుళాలు లేచింది. ఒక గూడు పోయింది. రెండింటిలో పక్షి రాత్రికి రాత్రి జమ్ము ఆకులు వంచి గూడును ఎత్తు చేసుకుంది. తెల్లారి చూస్తే కింద పాత ఎండు పొర, పైన పచ్చటి కొత్త పొర వేరుగా కనబడుతున్నాయి. ఆ పొర ఎత్తు కొలిచాను, నాలుగు వేళ్లు. నాలుగో గూడు నీళ్లు పెట్టేనాటికే ఖాళీ, పిల్లలు గుర్రపుడెక్క మీద తల్లి వెనక తిరుగుతున్నాయి.

ఒక చెరువు, ఒక ఏడాది. నాలుగు గూళ్లతో మట్టం పెంచడం వల్లే ఇలా జరిగిందని నేను అనలేను. ఆ ఏడాది నీళ్లు కూడా మొదటి ఏడాది పెట్టినంత పెట్టలేదు. ఈ జూన్‌కి అదే లీజుదారు ఇంకో రెండు చెరువుల్లో మట్టం ముందే పెంచుతానన్నారు. పక్కనే ఉన్న రెండింటిని పాత పద్ధతిలోనే ఉంచుతారు. నాలుగింటికీ కొలత కర్రలు కోసి, గీతలు గీసి బాబాయ్ షెడ్డులో పెట్టి వచ్చాను. కాలువలు వదిలిన రోజు ఆయన ఫోన్ చేస్తారు.